చిల్లు

ఈ పళ్ళేన్ని మూడు వానాకాలాల కింద
నేనే చుట్టాను.
మట్టితాళ్ళు పాముచుట్టలా పేర్చి
సొరబుర్ర పెంకుతో లోపల నున్నగా గీకి.
కొండ కక్కిన బూడిద పిడికెడు ఎక్కువ పడింది.
పగులుతుందే, అన్నాడు మూయాల్.
పగల్లేదు.

బొమ్మ అతనిది.
శంఖపు సిరాబుడ్డి ముందు వంగి
ఊపిరి బిగబట్టి, ఒక్క గీతలో
మొక్కజొన్న దేవుణ్ణి ఆడించాడు.
లేచిన మడమ ఇంకా కిందికి దిగలేదు,
తలమీది ఈకలు ఊగుతూనే ఉన్నాయి.
అంచు చుట్టూ అక్షరాలు:
ఎవరి పళ్ళెమో, ఎవరు గీశారో.
నాకు చదువు రాదు.
మట్టి పిసికినదాని ఊసుందా ఇందులో, అని
ఒకసారి అడిగాను.
కుంచె కడుక్కుంటూ
వాన వచ్చేలా ఉంది, అన్నాడు.

రాచబిడ్డ ఇష్ యాష్‌తూన్ పెళ్ళివిందుకని చేశాం.
ఎరుపు చాలదని రెండుసార్లు తిప్పి పంపింది.
మూడోసారి ఏమీ అనలేదు.
ఆకుల్లో ఉడికిన కుడుములు పెట్టుకుని
వేళ్ళు నాక్కుంటూ తిన్నదట.

నిన్న పోయింది. కాన్పులో.
నోట్లో పచ్చరాతి పూస పెట్టారు.
మొహం మీద ఈ పళ్ళెం బోర్లిస్తారు,
దానికి ముందు దీన్ని చంపాలి.
పళ్ళేనికీ ప్రాణముంటుంది కదా,
దారి ఇవ్వకపోతే
ఆమెతోపాటు అదీ
ఊపిరాడక కొట్టుకుంటుంది లోపల.

చెకుముకి మొన కట్టిన పుల్ల
మూయాల్ చేతికిచ్చారు.
తేనెటీగ కాలంత సన్నని గీత గీసే చెయ్యి.
దేవుడి బొడ్డు మీద మొన పెట్టి తీశాడు.
పెట్టి, తీశాడు.
బయట శంఖాలవాళ్ళు దగ్గుతున్నారు.

నేను లాక్కున్నాను.
వెనక్కి తిప్పాను. అటు బొమ్మ లేదు,
రంగు పుయ్యని అడుగున
నా బొటనవేలి ముద్ర ఉంది.
ఎక్కడ పలచనో నాకు తెలుసు.
అరచేతుల మధ్య పుల్లను చిలికాను.
కిర్రుమంది, చాలాసేపు కిర్రుమంది,
ఆ తర్వాత ఏమీ అనలేదు.
ముందువైపు కాస్త పెచ్చు లేచింది.
చిటికెన వేలు పట్టేంత చిల్లు.
అందులోంచి చూస్తే
మూయాల్ కన్ను ఒకటి, తడిగా.

అంచు మీద అతని పేరుంది, ఆమె పేరుంది.
నడుమ ఈ సున్నా నాది.
చదివేవాళ్ళు ఉండరు,
వెళ్ళేవాళ్ళకి దారైతే చాలు.

ఒళ్ళో రాలిన ఎర్రటి పొడి
ఆకులో పొట్లం కట్టి తెచ్చాను,
రేపటి ముద్దలో కలుపుతాను.
ఆమె అన్నకి నాలుగు కోకో గిన్నెలు బాకీ ఉన్నాం.
ఆయనా ఎరుపు దగ్గర
పేచీ పెట్టే మనిషే.