ఓడ వంటగదిలో

మార్చి నెల. నీళ్ళు నాలుగు డిగ్రీలు.
పడవ అంచు మీంచి వెనక్కి ఒరిగిపోతే
మొదట పెదవులు నావి కాకుండా పోతాయి,
తర్వాత పళ్ళు జివ్వుమంటాయి,
నుదుటి మీద ఎవరో సుత్తితో ఒకే ఒక్క దెబ్బ.
అక్కణ్ణుంచి పచ్చటి చీకటి.

పద్ధెనిమిది మీటర్ల కింద
రాగ్న్‌హిల్డ్ ఎడమపక్కకి ఒత్తిగిలి పడుకుని ఉంది.
హెర్రింగ్ పీపాలతో, పదకొండుమందితో
తుఫాను రాత్రి రాతికి కొట్టుకున్న ఓడ.
మా చర్చి గోడ మీద పదకొండు పేర్లున్నాయి.
వంటవాడికి మాత్రం ఇంటిపేరు లేదు,
ఉత్త ఆస్‌ముండ్.

రెయిలింగు పొడవునా తెల్లటి ఎనిమోన్లు
కాలీఫ్లవర్ల మడిలా విచ్చుకుని
వచ్చిపోయే నీటిని ఏరుకు తింటున్నాయి.
లంగరు గొలుసు మీద మెత్తటి పగడం.
చచ్చినవాడి చెయ్యి అంటారు దాన్ని మా జాలర్లు.
నేను వెల్డర్‌ని. పైన పొద్దస్తమానం తుప్పుతో తగువు.
తుప్పుకి ఇంత సంసారం ఉంటుందని
నాకెవరూ చెప్పలేదు.
బాయిలర్ కంతలోంచి తోడేలు చేప
వంకర పళ్ళు బయటపెట్టింది:
ఇది నా గుమ్మం, అవతలికి పో.

పోయాను.
వంటగది గోడ చిరిగి ఉంది. తల మటుకే లోపలికి పెట్టాను.
ఇనప పొయ్యి. దాని నోట్లో
ఎర్రగా, నిప్పు ఇంకా ఆరనట్టు,
ముద్దలాంటి ఒక చేప,
పొట్ట కింది బిళ్ళతో ఇనుముకి అతుక్కుపోయి.
వెనకాల గులాబిరంగు సగ్గుబియ్యం గుట్ట.
తల్లి గుడ్లప్పగించి వెళ్ళిపోయింది.
తండ్రి తిండి మానేసి
వారాల తరబడి రెక్కలతో విసురుతున్నాడు,
లోపలివాళ్ళకి ఊపిరాడాలి కదా.
నేను గుడ్లప్పగించి చూస్తున్నాను.

టార్చి మొహాన పడ్డా అతను జరగలేదు.
నాకే సిగ్గేసి ఆర్పేశాను.
ఆ చీకట్లో ఇద్దరం కాసేపు
ఎవరి పనిలో వాళ్ళం, ఊపిరి పనిలో.

గేజిలో ఎనభై. నడుం తాడు రెండుసార్లు లాగింది.
చాలు, రా.

పడవలో ఎయివిండ్. రిటైరైన రొట్టెలవాడు,
చెవులు పోయాక మునగడం మానేసి
నా బుడగలు లెక్కపెడుతుంటాడు.
ఫ్లాస్కులోంచి నల్ల కాఫీ పోశాడు.
సగం నా గడ్డం మీదే.
"ఏం చూశావ్?"
అరిచి చెప్పాలి అతనికి, మొద్దుబారిన నోటితో:
"వంటగదిలో ఎవరో ఉన్నారు!"
కాసేపు నీళ్ళకేసి చూశాడు.
"పొయ్యి వెలిగిందా?"
"వెలిగింది."

వినపడిందో లేదో.
టోపీ తీశాడు. జుట్టులో మంచు దులుపుకుని
మళ్ళీ పెట్టుకున్నాడు.