హాజరు

మూడోసారి వాళ్ల వంటింట్లో కూర్చున్నాను.
నోటుపుస్తకంలో రెండు పేర్లు తప్ప ఏమీ లేదు.
లోర్న్, డెబ్భై ఒకటి:
టాస్మేనియా తూర్పు తీరమంతా
రాతిరొయ్యల బుట్టలు లాగి లాగి
వేళ్లు మడవడం మరిచిన మనిషి.
గ్లెనిస్, అరవై ఎనిమిది.
"ఎలా కలిశారు?" అంటే
"ఊరు చిన్నది కదా" అంటాడాయన.
"ఇంకో బిస్కెట్టు?" అంటుందామె.

పెళ్లిళ్లు జరిపించడం నా పని.
అంతకుముందు పద్దెనిమిదేళ్లు స్కూలు బస్సు నడిపాను.
పెద్ద తేడా ఏం లేదు,
అందరూ ఎక్కారో లేదో చూసుకోవాలి,
మలుపుల దగ్గర తొందరపడకూడదు.

చట్టం చెప్పమన్నవి నాలుగు ముక్కలు,
వాటిలో కామా కదపడానికి లేదు.
మిగతా ఇరవై నిమిషాలూ నా చేతిలో.
భయమంతా అక్కడే.
నిన్న రాత్రి ఒక వాక్యం రాశాను:
రెండు నదులు, ఒక సంగమం.
చదువుకుంటే బాగానే ఉంది.
నిరుడు మార్చిలో దంతవైద్యుడి కూతురి పెళ్లిలోనూ
బాగానే ఉంది.
కొట్టేశాను.

లేవబోతుంటే కిటికీ గూట్లో కనపడింది
పాత వైర్‌లెస్ సెట్టు,
మైకు తీగకి రబ్బరుబ్యాండు.
"ఇదెవరిది?"
ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు
జామకాయలు కోస్తూ దొరికిపోయిన పిల్లల్లా.

ఇరవై ఆరేళ్లు, రోజూ సాయంత్రం ఆరుంబావుకి
ఒడ్డు మీది గదిలోంచి ఆమె వాతావరణం చదివేది.
తర్వాత ఒక్కో పడవనీ పేరు పెట్టి పిలిచేది.
పలికినదాని పక్కన టిక్కు.
పలకనిదాన్ని మళ్లీ పిలవడం,
మళ్లీ,
టీ చల్లారిపోయినా మళ్లీ.
"ఈయన పడవ ఆఖర్న" అంది.
"అక్షరాల వరసలో మాత్రం కాదు" అన్నాడాయన
నా ముందు మొదటిసారి నవ్వి.

అప్పటికి ఆయన భార్య ఉంది.
ఈమె భర్తా ఉన్నాడు, ఇనపసామాన్ల కొట్లో.
గాలి ఎటు, అల ఎంతెత్తు,
అంతకుమించి ఒక్క మాట అనుకోలేదట.
అది నేను రాసుకోలేదు.
ప్రతి పెళ్లికీ పైకి చదవని పేజీ ఒకటుంటుంది,
దాన్ని మోయడమూ నా జీతంలోదే.

శనివారం, జెట్టీ మీద, నైరుతి గాలి.
ముప్పై కుర్చీలు, నలభై మంది, ఒక కుక్క.
నా మైకు రెండుసార్లు గురగురమని ఊరుకుంది.
చట్టం మాటలు గొంతు చించుకుని చెప్పి
కాగితం మడిచి జేబులో పెట్టుకుని
ఒక్కడుగు వెనక్కి జరిగాను.

ఆమె పడవ పేరు పిలిచింది,
తొమ్మిదేళ్ల కిందట అమ్మేసిన పడవని.
"పెట్రెల్, పెట్రెల్, వింటున్నావా?"

ఆయనకి నేను రాసిచ్చిన జవాబు ఆరు పంక్తులు.
ఒక్కటీ గుర్తు లేదు.
గాలి ఆగేదాకా ఆగి
"వింటున్నా గ్లెనిస్,
ఒడ్డు కనపడుతోంది" అన్నాడు.

సంతకాల బల్ల దగ్గర
మడవని వేళ్లతో ఆయన పేరు రాయడానికి
చాలాసేపు పట్టింది.
కలం అందుకున్న ఆమె
అలవాటు చొప్పున
ఆ పేరు పక్కన టిక్కు పెట్టేసింది.

ధ్రువపత్రం మీద అదనపు గీత ఉండకూడదు.
ఇంకొకటి తీసి మళ్లీ రాయించాను.
చెడిన కాగితానికి ఆఫీసుకి లెక్క చెప్పాలి.
కారణం అన్న గడిలో
గాలి, అని రాశాను.