కుదిరింది

రాయదుర్గం బస్టాండు వెనక లాడ్జి,
మూడో అంతస్తు, పద్నాలుగో నంబరు గది.
ఓట్లు అయ్యేదాకా మా కొలువు అక్కడే.
హొన్నూరు వలీ వీడియోలు కత్తిరిస్తాడు,
నేను మాటలు రాస్తాను.
పోస్టుకు నూటాయాభై,
అన్న నోటితో పలికితే మూడొందలు.

తెలుగంటే నాకు ముందునుంచీ ఇష్టం.
బడిలో పద్యం అప్పజెప్పి గెల్చిన స్టీలు గ్లాసు
ఇంట్లో ఇంకా ఉంది,
మా సుంకక్క దాంట్లోనే నీళ్లు తాగుతాది.

ఒక రాత్రి అన్న ఫోను:
"ఆ యమ్మ సభకు జనం బాగా వస్తాండారు రా.
రోడ్లు, బోర్లు, విత్తనాల సబ్సిడీ, ఇవేం వద్దు.
గుచ్చుకునేది ఒకటి కావాల. తెల్లారేసరికి."

ఆ యమ్మ పేరు నాగవేణమ్మ.
మాకు తెలిసింది రెండే.
లెక్కలడిగితే కాగితం చూడకుండా చెప్తాది.
పిల్లల్లేరు.

ఉగ్గాని తింటా కూర్చున్నా,
చెయ్యి కడుక్కోకముందే దొరికింది:
"కడుపే పండనామెకు
కయ్య పండించేది యాడ తెలుస్తాది?"

హొన్నూరు వెంటనే నవ్వలేదు.
"మా చిన్నమ్మకు గూడా లేరు బ్బా" అన్నాడు.
తర్వాత డోలు శబ్దం తగిలించినాడు,
అన్న మీసం దువ్వే ముక్క చివర్న అతికించినాడు.

సాయంత్రానికి లక్షా పన్నెండు వేల మంది చూసినారు.
నవ్వి నవ్వి ఏడ్చే పచ్చ మొహాలు
కల్లంలో రాశి పోసినట్టు పడినాయి.
మూడొందలు టింగుమని వచ్చినాయి.
అబద్ధమెందుకు,
ఆ రాత్రి నాకు నిద్ర బాగానే పట్టింది.

పోలింగుకు ఇంకా ఆరు రోజులు.
ట్యాంకరు వచ్చిందంటే బిందెలు మోయను ఇంటికి పోయినా.
జీన్సు ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన అక్క
వేళ్ల సందుల్లో నీలం పోకముందే వరసలో నిలబడింది.
పెండ్లయి పదకొండేండ్లు.
ఆస్పత్రి చీటీలు దాచుకున్న బిస్కెట్ల డబ్బా ఒకటుంది ఆమెకు,
ఎవరికీ చూపదు.

బిందె ఒక జానెడు ముందుకు జరిపింది. అంతే.
వెనకనుంచి ఎవరో ఆడమనిషి,
కోపంగా గూడా కాదు,
నోట్లో ఆడతాండే ముక్కను ఊరికే వదిలినట్టు
"కడుపే పండనామెకు" అనింది.
మిగతాది వరసంతా కలిసి అనింది.
పిల్లోళ్లు రాని మీసాలు దువ్వినారు.

ఒక్క అక్షరం జారలేదు.
ఎవ్వరూ యాడా తడబడలేదు.
అంత బాగా కుదిర్చింటి మరి.

అక్క ఏమీ అనలేదు.
బిందె నిండేదాకా నిలబడి,
పైపు తీసి
ఆ వెనకామె బిందెలోనే పెట్టింది.

ఇంటికొచ్చినాక అడిగింది:
"ఎవడు రాసింటాడు రా అట్ల?
చదువుకున్నోడే అయ్యుంటాడు."

మా చేను మూడేండ్లుగా పండలేదు.
అప్పు తెచ్చి శెనక్కాయ ఏసినాం,
మొలకకు మొక్కినాం, ఎండితే ఏడ్చినాం.
దాన్ని మాత్రం
ఇంతవరకు ఎవ్వరూ ఒక్క మాట అనలేదు.

పైనుంచి నోటీసు వచ్చిందని
అన్న వీడియో తీసేసినాడు.
"అది నా గొంతు కాదు, ఎవరో అతికించినారు,
ఆడోళ్లంటే నాకు అమ్మతో సమానం."
అది గూడా నేనే రాసినా.
దానికి నూటాయాభయ్యే ఇచ్చినారు.

లెక్కింపు అయిపోయింది. లాడ్జి ఖాళీ చేసినాం.
హొన్నూరు మళ్లీ పెండ్లి వీడియోలకు పోయినాడు.
మా వీధి ఆడపిల్లలు తాడాట ఆడతా
దుముకు దుముక్కూ దాన్నే అంటాండారు,
అర్థం తెలీదు వాళ్లకు,
కాళ్లకు తాళం సరిపోయింది.

రాత్రి అన్నం తిని
అక్క స్టీలు గ్లాసు ఎత్తి నీళ్లు తాగింది.
గ్లాసు అడుగున
నా పేరు చెక్కి ఉంటాది.
ఆమె తాగినప్పుడల్లా
అది నా వైపే తిరుగుతాది.