చేబదులు

ట్యూబు మీద పేరు: తెడ్డు పరశన్న, యాభై రెండు.
పెద జాలారిపేట, విశాఖపట్నం.
మిషన్‌లో పెట్టకముందే తెలిసిపోయింది నాకు.
పైన తేరిన సీరం
గడ్డిరంగులో లేదు,
దానిమ్మ రసంలా ఉంది.

ఆ నాలుగు చుక్కల్లో నేను వెతికేది ఎల్డీహెచ్.
కణం లోపల తలుపేసుకుని పనిచేసుకునే ఎంజైము.
తెప్ప మీద వల లాగేవాడికి
రొమ్ములో గాలి చాలనప్పుడు
కండకి చేబదులిచ్చేది.
వడ్డీ అడగదు. కాస్త పులుపు మిగులుస్తుంది, అంతే.
ఆ పులుపుని తర్వాత తీరిగ్గా
కాలేయం మళ్ళీ తీపి చేసుకుంటుంది.

గోడ కూలితేనే అది ఇంత వీధిన పడుతుంది.
అందుకే అక్కడ దాన్ని గుంపుగా చూస్తే
ఎక్కడో ఒక ఇల్లు కూలిందని లెక్క.
ఏ ఇల్లో చెప్పదు.
గుండో, కాలేయమో, ఇంకేదో.

మూడొందల నలభై నానోమీటర్ల వెలుగు
ఏ కంటికీ కనపడదు.
ఆ వెలుగు ముందు నిలబెట్టి
దాన్ని కాదు, అది చేసే పనిని కొలుస్తాం,
నిమిషానికింత అని,
పోర్టులో కళాసీకి కూలి కట్టినట్టు.

చదువుకునే రోజుల్లో, యూనివర్సిటీ ల్యాబులో
పళ్ళెంలో పెంచిన కణాల మీద మందు పోసి
ఎన్ని చచ్చాయో దీన్నే అడిగేవాళ్ళం.
అంకె పెరిగితే సంబరం.
టీలు తెప్పించుకునేవాళ్ళం.
ఆ కణాలకి ఇంటిపేర్లుండేవి కావు.

పదిహేడు వందల నలభై.
రెండొందల యాభై దాటకూడదు.

"ఎలా తెచ్చావమ్మా దీన్ని?"
మాసేనమ్మ బుట్ట కిందికి దించింది.
"జాగర్తగానే తెచ్చినానమ్మా.
పాడైపోద్దని
వంజరాల కింద ఐసులో ఎట్టినాను.
హార్బరు ఐసు, గట్టిది."

ముప్పై ఏళ్ళుగా
ఆయన ఒడ్డుకి తెచ్చిన ప్రతిదాన్నీ
చెడకుండా కాచిన చేతులు.
ఆయన నెత్తురుని వదిలేస్తాయా?

ఐసుకి ఎర్రకణాలన్నీ పగిలిపోయాయి.
ఈ పదిహేడు వందల నలభై
పరశన్నది కాదు, ఐసుది.
ఆమె జాగ్రత్తది.
రిపోర్టులో ఆ మాటకి గడి లేదు.
"నమూనా చెడింది, మళ్ళీ తీయాలి" అని రాశాను.

ఇది చేప కాదమ్మా, దీనికి చలి పడదు,
వెచ్చగా, కుదపకుండా తీసుకురా అన్నాను.
"పసిబిడ్డనాగ" అంది.
అవునన్నాను.

మర్నాడు ఆటో ఎక్కలేదట.
గతుకుల్లో ఊగిపోతుందని
సముద్రం ఒడ్డు నుంచి పెదవాల్తేరు మిట్ట దాకా
ఎదురెండలో నడిచొచ్చింది,
ట్యూబుని రొంటిన చుట్టుకుని
పైన అరచెయ్యి మూసి.
నా చేతికొచ్చేసరికి అది
ఆమె ఒంటివేడి మీదే ఉంది.
మా మిషను కోరేదీ ఆ వేడే, ముప్పై ఏడు.

తేట సీరం. గడ్డిరంగు.
ఇంత మంచి నమూనా ఈ నెలలో చూడలేదు నేను.

ఆరొందల పన్నెండు.

కంట్రోలు నడిపాను. కొత్త రీఏజెంటు తెరిచాను. మళ్ళీ వేశాను.
ఆరొందల తొమ్మిది.
ఇప్పుడు నెపం వెయ్యడానికి
ఐసు లేదు, రోడ్డు లేదు, సన్న సూది లేదు.

"తగ్గినాదేటమ్మా?"

పదిహేడు వందల నలభై నుంచి ఆరొందల పన్నెండు.
చిన్నపిల్లాడు కూడా తీసివేత చేస్తాడు.
"తగ్గింది" అన్నాను.

డాక్టరుగారి గది ఐదో నంబరు, ఇవాళే చూపించు,
రేపనకు, అని రెండుసార్లు చెప్పాను.
రెండోసారి నా మొహంలోకి చూసింది.
ఏమీ అడగలేదు.
బుట్టలోంచి నాలుగు చేపలు తీసి
పేపర్లో చుట్టి, వద్దంటున్నా
కౌంటరు మీద పెట్టి వెళ్ళింది.

పేపరు అడుగు నుంచి ఐసు కరిగి
చిన్న చిన్నగా పాకి
రిపోర్టు అంచు తడిపింది.