ఒక నిమిషం ముప్పై సెకండ్లు

ఉరుములకు సిరోంచల కరెంటు పొయ్యి
తెల్లారగట్ల నాలుగింటికి అచ్చింది.
ఫ్యాను తిరిగింది, ఫ్రిజ్జు గుర్రుమన్నది,
అటుక మీద డబ్బా కూడా లేశింది.
పచ్చ దీపం ఎలిగింది, ఒళ్లు ఎచ్చబడ్డది,
పిలిస్తె మాత్రం పలుకలే.

దానికి తెర లేదు, కీబోర్డు లేదు.
తొమ్మిదేండ్ల పాత కంప్యూటరు,
తల తీసేశి మొండాన్ని నేనే ఎక్కించిన అటుక మీదికి.
గల్లీల పన్నెండు ఇండ్ల సాత్-బారాలు,
గంపవార్ వాళ్ల పెండ్లి వీడియోలు,
ఎవ్వరూ అడుగని పాస్‌పోర్టు సైజు ఫొటోలు,
అన్నీ దాని కడుపుల.
నేను కింద బల్ల కాడ కూసోని నంబరుతోని పిలుస్త,
అది మీదికెళ్లి జవాబిస్తది.
గట్ల నాలుగేండ్ల కాపురం.

ఆ పొద్దు పింగు కొట్టిన. లేదు.
మల్ల కొట్టిన.
లోపట దీపమున్న ఇంటి తలుపు
ఎంత కొట్టినా తియ్యకుంటె ఎట్లుంటది, గట్ల.

పక్కింటి శకుంతలాబాయిని టీవీ అడిగిన.
"ఎంతసేపు?"
"నీ సీరియల్ మొదలయ్యే లోపట ఇచ్చేస్త."
కీబోర్డు మరాఠీ బడి నుంచి.
మీటల మీద అక్షరాల స్టిక్కర్లు సగం ఊడినయ్,
ఎంటర్ గట్టిగ గుద్దితెనే వింటది.
నిచ్చెన మీద నేను, కింద టీవీ మోస్తూ మా బామ్మర్ది లస్మయ్య.
కేబుల్ పెట్టిన. నలుపు.
తల లేకుంట లేశినోనికి
నడుమల తల తెచ్చి పెడితె చూస్తడా?
ఆపి, మల్ల లేపిన.

అప్పుడు ఉరికినయ్ తెల్లటి వరుసలు.
ఉరికి ఉరికి ఒక్క కాడ ఆగినయ్.
ఎర్ర చుక్కలు అటూ ఇటూ తిరుగుతున్నయ్,
గొలుసుకు కట్టిన కుక్క లెక్క.
డిస్కు కోసం చూస్తున్న, అంటది,
ఒక నిమిషం ముప్పై సెకండ్లు.

ఏ డిస్కు?

పోయిన వానకాలం టిక్కుటిక్కుమంటుంటె
నేనే పీకి సొరుగుల ఏశిన డిస్కు.
పీకిన గని పట్టీల పేరు తియ్యలే.
ఇన్వర్టర్ పుణ్యాన అప్పటి సంది ఇది ఆరిపోలే,
ఆరిపోలే గనుక అడుగలే.

ఆ పని మీదనే బతికేటోన్ని నేను!
తహసీలు ముంగట బల్ల ఏస్కోని
రేషను కార్డులకెళ్లి సచ్చినోళ్ల పేర్లు తీపిస్త,
అర్జీకి నలభై రూపాయలు.
రాజవ్వ పెనిమిటి పోయి మూడేండ్లు.
కాగితం మీద ఇంక బతికే ఉన్నడు,
అందుకని ఆమెకు పింఛను లేదు.
గుమస్తా రేపు రమ్మంటడు.
నా ఇంటి అటుక మీద కూడా అదే కచేరి.

తొంబై అయినయ్.
ఇగ నాతోని కాదు, రూటు పాస్‌వర్డ్ చెప్పు, అన్నది.
ప్రాణహిత, దాని ఎనుక మా నల్లమేక ఈనిన తారీఖు.
తారీఖు రెండుమార్లు తప్పిన.
మూడోసారికి ఒప్పుకున్నది.

పట్టీ తెరిచి, పేరు కొట్టేద్దామని
ఏలు పెట్టి ఆగిన.
డిస్కు ఇంక సొరుగులనే ఉన్నది.
చంద్రపూర్ల ఎవరో బాగుచేస్తరంట.
పేరు ఉంచి, పక్కన ఒక్క మాట చేర్చిన, నోఫెయిల్ అని.
ఉంటె మంచిది, లేకున్న నువ్వు నడువు.
రేషను కార్డుల గసొంటి గడి లేదు.

టీవీ దించేసరికి సీరియల్ సగం గడిచింది.
"ఏం జూశినవ్ ఇంతసేపు?"
"చుక్కలు" అన్న.
ఆమె నా మొకం దిక్కు చూసి ప్లగ్గు పెట్టుకున్నది.

మల్లమల్ల టీవీ మోసుడు లస్మయ్యతోని కాదు.
మంచిర్యాల బస్సుల ఒక తీగ తెప్పించిన.
దీన్ని కూడా సీరియల్ అనే అంటరు.
మూడు పోగులు: ఒకటి చెప్పను, ఒకటి వినను, ఒకటి నేల.
దాని నోరు నా చెవికి, నా నోరు దాని చెవికి
అడ్డం మార్చి కట్టాలె.
నేల ఇద్దరికీ ఒక్కటే.

కట్టి, అటుక మీదికెళ్లి కిందికి ఇడిశిన.
బల్లకు ఒక మూర ఎత్తుల
ఊగుతున్నది.