ఐదువేల నలభై

ఏడు గంటలు. ఏడు తాళ్లు. ఏ వరసా రెండోసారి రాకూడదు.
మొదటి చోటుకి ఏడుగురు పోటీ,
ఒకరు కుదిరాక రెండో చోటుకి ఆరుగురు,
తర్వాత ఐదుగురు, నలుగురు...
అలా మెట్లు దిగుతూ హెచ్చవేసుకుంటూ పోతే
గోపురం అడుగున దొరికే సంఖ్య ఐదువేల నలభై.
అన్నీ మోగాలంటే గంటలకు మూడు గంటలు పడుతుంది.
కాగితం చూడకూడదు. తాడు వదలకూడదు.
ముక్కు దురదపెట్టినా ఓర్చుకోవాలి.

థార్న్‌హోమ్‌లో,
సముద్రం కంటే పల్లంగా పడున్న బీట్‌దుంపల నేలలో
ఈ లెక్క మాకు నేర్పింది ఈనిడ్ కాథోర్న్,
ముప్పై ఏళ్లు బడిపిల్లలకు భోజనం వడ్డించిన మనిషి.
"ఇద్దరికి పంచు, ఏడుగురికి పంచు,
పదిమందికి, పన్నెండుమందికి పంచు,
ట్రేలో తునక మిగల్దు.
పదకొండుమంది వస్తేనే చిక్కు.
రెండు మిగుల్తాయి. అవి నేను తింటాను" అనేది.
అరవై సంఖ్యలు దాన్ని శేషం లేకుండా భాగిస్తాయని
తాడు చుట్ట చుడుతూ చెప్పింది.
ఏడు నుంచి ఒకటి దాకా దిగినా అదే,
ఏడు నుంచి పది దాకా ఎక్కినా అదేనట.
ఎందుకలా అని అడిగాను.
"నీ తాడు చూసుకో" అంది.

ఆ మార్చి శనివారం మోగించాం.
గోడకి పలక కొట్టారు, బంగారు అక్షరాలు.
నా పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు.
ఆ ఏడుగురిలో ముగ్గురు ఇప్పుడు
కిటికీలోంచి కనిపించే గడ్డి కింద ఉన్నారు.

నిన్న సాధనకి ఈనిడ్ చేతికర్రతో వచ్చింది,
సంచిలో మూడు క్యాసెట్లు, ఒక నోటుపుస్తకం.
తుంటి విరిగి మంచాన పడ్డ చలికాలమంతా
వింటూ, ఆపుతూ, ఒక్కో వరసా రాసిందట.
"మూడు ఒకటి రెండు ఐదు ఏడు నాలుగు ఆరు.
ఇది రెండుసార్లు వచ్చింది.
రెండోసారి ఐవర్ తుమ్మాడు.
అతని ఐదో గంట రెండో గంట వెనక పడింది.
రావలసిన వరస రానేలేదు.
మనం మోగించినవి ఐదువేల ముప్పైతొమ్మిది."

ఐదువేల ముప్పైతొమ్మిది!
రెండు దాన్ని కదపలేదు, మూడు గీరలేదు,
ఏడు పన్ను విరగ్గొట్టుకుంటుంది.
కొరకరాని కొయ్య.
ఒక్కటి తగ్గేసరికి
అంతమందికి పంచిన చెయ్యి పిడికిలి బిగించింది.

"పలక దించండి" అంది ఈనిడ్.
ఎవరమూ నిచ్చెన వైపు చూడలేదు.
ఐదో తాడు దగ్గర నిలబడ్డ మాబ్లి,
ఐవర్ భార్య,
"ఆ తుమ్ము వినిపించు" అంది.

రెండో క్యాసెట్. బరబర.
కంచు మీద కంచు మీద కంచు,
మధ్యలో, ఎక్కడో దూరంగా,
ఒక మనిషి ముక్కు.
మాబ్లి మళ్లీ వెనక్కి తిప్పమంది. నాలుగుసార్లు.

తర్వాత తాళ్లు పట్టుకున్నాం.
మూడు నాది, నేనే మొదలుపెట్టాలి.
మూడు, ఒకటి, ఐదు, రెండు, ఏడు, నాలుగు, ఆరు.
ఒక్కసారి. అంతే.
ముప్పైయేడేళ్ల ఆలస్యం, మూడు సెకన్ల పని.

ఈనిడ్ వేళ్లు మడిచింది.
"ఆనాటివన్నీ, దీంతో కలిపి ఐదువేల నలభైఒకటి.
డెబ్భైఒక డెబ్భైఒకట్లు. సరైన చదరం.
నిరుడైతే నా వయసు."

పలక ఇంకా గోడకే ఉంది. మేకు తుప్పు పట్టింది, ఊడిరాలేదు.
రెండో క్యాసెట్ మాబ్లి కోటు జేబులో వెళ్లిపోయింది.