సొట్ట

కిసుము చేపల బజారులో
నా గొరోగొరో డబ్బాను ఎరగనివాళ్ళు లేరు.
రెండు కిలోల వనస్పతి డబ్బా,
మూత కోసేసింది, అంచు అరిగింది.
అడుగున, లోపలివైపుకి,
అరచేయంత సొట్ట.

దాన్ని నేనే పెట్టాను.
పెద్దాడి ఫీజు కట్టాల్సిన ఏడు,
ఒక రాత్రి డబ్బా బోర్లించి, మోకాలితో.
డబ్బాకో గుప్పెడు ఒమెనా మిగిలేది,
ఎండిన చేప, వేలెడంత కూడా ఉండదు.
గుప్పెడూ గుప్పెడూ కలిపితే
ఇంటిమీద రేకులు, దూది పరుపు,
మా ఒచోలా శవపేటికకు ఇత్తడి పిడులు.
ఆ పిడుల్లో ఎవరెవరి గుప్పెళ్ళున్నాయో
పాపం ఆయనకు తెలీదు.

కిందటి ఆగస్టులో సరస్సులో మునిగాను.
పాస్టరు ఒదెరో నడుంలోతు నీళ్ళలో నిలబడి
నా ముక్కు మూసి వెనక్కి వాల్చాడు.
లేచేసరికి జుట్టుకి గుర్రపుడెక్క తగులుకుని ఉంది.
ఒడ్డున చప్పట్లు.
తడి బట్టలతోనే ఇంటికొచ్చి
రాయి తీసి లోపల్నించి ఒక్కటేశాను.
టక్.
సొట్ట పోయింది.
ఇంతేనా, దీనికా ఇన్నేళ్ళు, అనుకున్నాను.

రేకుకి నాకన్నా జ్ఞాపకం ఎక్కువ.
పదకొండు దాటి ఎండ ముదరగానే
టక్,
మళ్ళీ లోపలికి.
ఎవరూ ముట్టుకోలేదు.

మొదటిరోజు చూసీ చూడనట్టున్నాను.
నేను పెట్టానా? ఎండ పెట్టింది.
ఎండను పంపింది ఎవరు? దేవుడే కదా!
చూడండి, బుర్ర ఎంత తొందరగా ప్లీడరవుతుందో.
ఆ పూట పద్నాలుగు డబ్బాలు అమ్మాను.
రాత్రి ప్రార్థనకి మోకరిస్తే
కుడి మోకాలు సలిపింది.
ఆ మోకాలే.

పక్కన టమాటాలమ్మే అపొండి నవ్వింది:
పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదక్కా.
పుట్టుకతో రాలేదే, ఫీజుతో వచ్చింది, అన్నాను.
అయితే కొత్త డబ్బా కొనుక్కో, అంది.

కొన్నాను.
తళతళలాడే డబ్బా, చదునైన అడుగు.
మూడోరోజు కొలుస్తూ కొలుస్తూ కిందికి చూద్దును కదా,
నా బొటనవేలు
డబ్బాలో దిగి కూర్చుని ఉంది,
చేపల మధ్య చేపలా,
సొట్ట ఎంత మేర ఉండాలో సరిగ్గా అంత మేర.

దాన్ని అపొండికి ఇచ్చేసి పాతదే తెచ్చుకున్నాను.
ఇదే నయం.
చప్పుడు చేసి మరీ లోపలికొస్తుంది.
వేలు చప్పుడు చెయ్యదు.

పాస్టరుతో చెప్పుకుందామని వెళ్ళాను.
మునిగితే పోతుందన్నారుగా, అని అడగాలనుకున్నాను.
ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ
చెయ్యి చొక్కా జేబుమీదికి పోనిచ్చాడు,
జేబు ఖాళీ.
సిగరెట్టు మానేసి తొమ్మిదేళ్ళట.
ఇద్దరం ఆ చేతినే కాసేపు చూశాం.
అడగకుండా వచ్చేశాను.

ఇవాళ మధ్యాహ్నం
స్కూలు బట్టల్లో ఒక పిల్ల
చెమటకి మెత్తబడ్డ నోట్లు పట్టుకొచ్చింది.
ముంచబోతుంటే టక్.
వెనక ఆరుగురు నిలబడ్డారు.
చిన్నపిల్ల, దానికేం తెలుస్తుంది,
ఈ ఒక్కసారికి.
ఈ ఒక్కసారికి అన్నమాట
నా నోట్లో ఎంత నున్నగా అరిగిపోయిందో!
ప్రభువా, అన్నాను, అంతకన్నా మాట రాలేదు.
రాయి తీసి కొట్టాను.
డబ్బాని ఎందుకు కొడుతున్నావు నానమ్మా, అంది పిల్ల.
వరసలో ఎవరో విసుక్కున్నారు.
మాట వినదమ్మా, అన్నాను.
కొలిచాను, నిండుగా,
అంచుమీంచి రెండు చేపలు జారి దుమ్ములో పడ్డాయి.

ఈ నెల అద్దెకి ఎంత తగ్గుతుందో లెక్కేసుకున్నాను.
తగ్గుతుంది.

ఇప్పుడు రాత్రి.
బలిసిన రాయి ఒకటి చూసి
డబ్బాలో పెట్టాను, తెల్లారేదాకా
అడుగుని అదిమిపట్టి ఉంచుతుందని.
పొద్దున్నే దాన్ని తియ్యడం మరచిపోకూడదు.
అదీ ఒక గుప్పెడు చోటు తింటుంది.